ఎపిసోడ్ తగ్గాక కూడా మమ్మల్ని అడగండి: మానసిక వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మానసిక వైద్యులకు నమస్కారం.

నేను బైపోలార్ డిజార్డర్ ఉన్న మనిషిని. కొన్నాళ్లు మేనియా అనే అదుపులేని ఉద్రేకంలోకి, కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి మనసును నెట్టే జబ్బు ఇది. మేనియా ముదిరి ఎవరి మాటా వినని స్థితిలో ఉన్నప్పుడు నన్ను ఆస్పత్రిలో చేర్చుకుని కాపాడింది మీలాంటి వైద్యులే. డిప్రెషన్‌తో మంచం దిగలేని రోజుల్లో "ఇది తగ్గుతుంది, నా మాట నమ్మండి" అని ధైర్యం చెప్పి, చెప్పినట్టే తగ్గించిందీ మీరే. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అయితే నేను మాట్లాడాలనుకున్నది మేనియా గురించీ డిప్రెషన్ గురించీ కాదు, అలా ముదిరిన విడతలు, అంటే ఎపిసోడ్లు, తగ్గాక వచ్చే నెలల గురించి, ఏళ్ల గురించి. మా బతుకులో ఎక్కువ భాగం గడిచేది ఆ కాలంలోనే. మీరు మమ్మల్ని అతి తక్కువ ప్రశ్నలు అడిగేదీ అప్పుడే.

ఎపిసోడ్ తగ్గాక మీ గదిలో జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

"ఎలా ఉన్నారు?"

"పర్లేదు డాక్టరుగారూ."

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ."

"మందులు మానకుండా వేసుకుంటున్నారుగా? సరే, ఇవే కంటిన్యూ చేయండి. మూడు నెలల తర్వాత కనపడండి."

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. నిద్ర పడుతున్న మాట నిజమే. కానీ ఎన్నింటికి పడుతోంది, పొద్దున లేచాక తల తేలికపడటానికి ఎంతసేపు పడుతోంది అన్నది బయటికి రాలేదు. పర్లేదన్నదీ నిజమే. అంతకుముందు అదే కుర్చీలో కూర్చున్నప్పటి స్థితితో పోలిస్తే ఎంతో నయం. కానీ ఇంటికెళ్లాక మా రోజు ఎలా గడుస్తోందో మీకు తెలియకుండానే ఫైలు మూసేస్తారు.

ఎలా గడుస్తుందో చెబుతాను. ఆఫీసులో ఒక మెయిల్ వస్తుంది. నాలుగు పేరాలు, పెద్ద కష్టమైన సంగతేమీ కాదు. రెండో పేరా చివరికి వచ్చేసరికి మొదటి పేరాలో ఏముందో జారిపోతుంది. వెనక్కి వెళ్లి చదువుతాను. మూడో పేరాలో ఒక తేదీ కనిపిస్తుంది. రాసుకుందామని పెన్ను తీసేలోపు ఏం రాసుకోవాలనుకున్నానో పోతుంది. మళ్లీ మొదటి నుంచి చదువుతాను. చివరికి ఎలాగో జవాబు రాస్తాను. పంపే ముందు నేను రాసిన ఆ రెండు ముక్కలనే మళ్లీ మళ్లీ చదువుకుంటాను, ఎక్కడ తప్పు పోయిందోనన్న భయంతో. ఈలోపు పక్క సీటులో వాళ్లు మూడు పనులు పూర్తి చేసి లేస్తారు. వాళ్ల కంటికి నేను బద్ధకం మనిషిని. ఆ సమయంలో నాకు దిగులు లేదు, ఏడుపు రావడం లేదు, చావు ఆలోచనలు లేవు. అందుకే మీరు మామూలుగా వాడే స్కేళ్లలో, అంటే లక్షణాల తీవ్రత కొలిచే ప్రశ్నాపత్రాల్లో, ఈ ఉదయం సరిగా కనిపించదు.

ఇంట్లో ఇంకో రకం. స్నానానికి వెళదామని తువ్వాలు భుజాన వేసుకుని మంచం అంచున కూర్చుంటాను. వెళ్లాలనే ఉంటుంది. వెళ్లకుండా ఆపే బాధేమీ లేదు. అయినా లేవను. అరగంట, ముప్పావుగంట అలాగే పోతుంది. ఇంట్లోవాళ్లు "ఏమైంది?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే నిజంగానే ఏమీ కాలేదు. ఎవరైనా చిన్న మాట అంటే, ఇదివరకు సాయంత్రానికి మరిచిపోయే మాటే, ఇప్పుడు రెండు రోజులు గుండెలో గుచ్చుకుని ఉంటుంది. ఇష్టంగా చేసే పనులు చేస్తూనే ఉంటాను కానీ చేసినట్టు అనిపించదు.

ఇదంతా నా ఒక్కరి గోడే అయితే మీ సమయం తీసుకునే పనే లేదు. మీ వైద్య పత్రికల్లో అచ్చయిన సంగతులే చెబుతాను. అమెరికాలో లూయిస్ జడ్ బృందం 146 మంది బైపోలార్ వన్ (నిండు మేనియా వచ్చే రకం) పేషెంట్లను సగటున 12.8 ఏళ్లు అనుసరించి, వాళ్లు ఎలా ఉన్నారో వారాల లెక్కన కూడి 2002లో ప్రచురించింది. మొత్తం వారాల్లో 47 శాతం వారాలు వాళ్లకు ఏదో ఒక లక్షణం ఉంది. దాదాపు 32 శాతం వారాలు డిప్రెషన్ వైపు, 9 శాతం మేనియా వైపు, మిగతావి రెండూ కలగలిసినవి. అందులో నిండు ఎపిసోడ్‌గా లెక్కకొచ్చే వారాలకన్నా, ఆ గీత కిందే ఉండిపోయిన లక్షణాల వారాలు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. 2003లో అదే బృందం బైపోలార్ టూ (నిండు మేనియా కాక, అంతకన్నా తక్కువ తీవ్రత ఉన్న హైపోమేనియా వచ్చే రకం) ఉన్న 86 మంది లెక్క తీసింది. అక్కడ లక్షణాలున్న వారాలు 54 శాతం, దాదాపు అంతా డిప్రెషనే. బైపోలార్ టూ తేలిక రకం అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ అంకె చూశాక ఆ మాట అనకూడదు.

అది పెద్ద వైద్య కేంద్రాలకు చికిత్స కోసం వచ్చినవాళ్ల మీద, 1970ల చివర్లో మొదలైన అధ్యయనం. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లే అలాంటి చోట్లకు ఎక్కువగా వస్తారు, ఆ తర్వాత మందులూ పెరిగాయి. కాబట్టి ప్రతి పేషెంటుకూ ఆ శాతాలే వర్తిస్తాయని నేననను. మధ్యకాలంలో ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా ఉండేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లను చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ వాళ్లెవరో, మిగతావాళ్లెవరో అడగకుండా ఎలా తెలుస్తుంది?

ఈ అడగకపోవడానికి ఒక పాత చరిత్ర ఉందని నాకనిపిస్తుంది. 1899లో జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఈ జబ్బును డిమెన్షియా ప్రీకాక్స్ (ఇప్పుడు స్కిజోఫ్రెనియా అంటున్నది) నుంచి విడదీసినప్పుడు, ఎపిసోడ్ తర్వాత మనిషి తేరుకుంటాడన్నది ఆ విభజనకు ముఖ్యమైన ఆధారం. అది మాకు మేలే చేసింది, ఆశ మిగిల్చింది. అయితే ఆ ఆశే కాలక్రమంలో గట్టిపడి, ఎపిసోడ్ లేదంటే జబ్బు లేనట్టే అన్న అలవాటుగా మారింది. క్రెపెలిన్ తానే తర్వాతి కూర్పుల్లో, ఎపిసోడ్ల మధ్య కూడా కొందరిలో కొనసాగే స్థితుల గురించి రాశాడు. ఆ భాగానికి అంత ప్రచారం రాలేదు.

ఎపిసోడ్ పోవడం, మనిషి తిరిగి తన బతుకులోకి రావడం ఒకటి కావని చెప్పే అంకెలు కూడా మీ దగ్గరే ఉన్నాయి. మేనియాతోనో మిశ్రమ స్థితితోనో మొదటిసారి ఆస్పత్రిలో చేరిన 166 మందిని అమెరికాలోని మాక్లీన్ ఆస్పత్రి, హార్వర్డ్ పరిశోధకులు అనుసరించి 2003లో ఫలితాలు రాశారు. రెండేళ్లలో 98 శాతం మంది ఎపిసోడ్ నుంచి బయటపడ్డారు. లక్షణాలు బాగా తగ్గిపోయినవాళ్లు 72 శాతం. జబ్బుకు ముందున్న ఉద్యోగ స్థాయికి, నివాస స్థితికి తిరిగి చేరినవాళ్లు 43 శాతమే. ఆ 98కీ ఈ 43కీ మధ్య మిగిలినవాళ్ల తరఫున నేను రాస్తున్నాను.

మీరు వాడే కొలబద్దల సంగతి కూడా చెప్పాలి. డిప్రెషన్‌ను కొలిచే హామిల్టన్ స్కేలు 1960లో వచ్చింది, యంగ్ మేనియా స్కేలు 1978లో. రెండూ ఎపిసోడ్ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి పుట్టినవి, ఆ పని బాగానే చేస్తాయి. హామిల్టన్‌లో 7 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే డిప్రెషన్ తగ్గినట్టు లెక్క. కానీ ఆ 17 ప్రశ్నల్లోనూ, యంగ్ స్కేలులోని 11 అంశాల్లోనూ జ్ఞాపకశక్తి గురించి విడిగా ఒక్క ప్రశ్న లేదు. విన్న మాటలు గుర్తుండకపోవడం, ధ్యాస నిలవకపోవడం, పనులు ఒక వరసలో పెట్టుకోలేకపోవడం మూడ్ కుదురుగా ఉన్నప్పుడు కూడా మాలో చాలామందికి ఉంటాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మేం మా మతిమరుపు గురించి చెప్పుకునేదానికీ పరీక్షల్లో తేలేదానికీ అన్నిసార్లూ పొంతన ఉండకపోవచ్చన్నదీ నిజమే. అందుకే మా మాట ఒక్కటే వినమనడం లేదు, పరీక్ష కూడా పెట్టమంటున్నాను. మేమే నింపి ఇవ్వగలిగిన కోబ్రా అనే 16 ప్రశ్నల పత్రం ఉంది. రోజువారీ పనుల మీద 24 అంశాలతో ఫాస్ట్ అనే స్కేలు ఉంది. బయట కుర్చీల్లో ఎదురుచూసే సమయంలో మాలో చాలామందికి ఆ కోబ్రా పత్రం నింపడం అయిపోతుంది.

నిద్ర గురించి "పడుతోందా?" అన్న ఒక్క ప్రశ్న చాలదు. 2005లో ఆలిసన్ హార్వీ బృందం ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఎపిసోడ్ లేని బైపోలార్ పేషెంట్లలో 70 శాతం మందికి లెక్కలోకి తీసుకోవాల్సినంత నిద్ర ఇబ్బంది కనిపించింది. మాకు నిద్ర రాకపోవడం ఒక సమస్య. రాత్రి దగ్గరపడుతుంటే, ఇవాళ నిద్ర పట్టకపోతే మళ్లీ మేనియా మొదలవుతుందేమోనన్న భయం ఇంకో సమస్య. ఆ భయంతో పక్కమీద పడుకుని గడియారం చూస్తూ ఉండటం నిద్రను ఇంకా దూరం చేస్తుంది. పగలు మగతగా ఉండటం, సెలవు రోజున మధ్యాహ్నం దాకా లేవలేకపోవడం, నిద్రవేళలు వారం వారం జరిగిపోవడం కూడా నిద్ర సమస్యలే. వీటికి మాత్ర ఒక్కటే దారి కాదు. నిద్రలేమికి వాడే ప్రవర్తనా చికిత్సను బైపోలార్ ఉన్నవాళ్లకు తగినట్టు మార్చి వాడటం ఉంది. నిద్ర గంటలను మరీ కోసేస్తే మేనియా రావచ్చు కాబట్టి అందులో జాగ్రత్త అవసరమని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ ఓర్చుకోవాల్సిన చిన్నచిన్న ఇబ్బందులని ఎవరైనా అనుకుంటే, స్టెప్-బీడీ అధ్యయనం చూడమంటాను. అమెరికాలో వేల మందితో జరిగిన ఆ అధ్యయనంలో, చేరేటప్పుడు లక్షణాలున్న 1469 మందిలో 58 శాతం కోలుకున్నారు. కోలుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి, రెండేళ్ల లోపలే జబ్బు తిరగబెట్టింది. తిరగబెట్టినవాటిలో ఎక్కువ భాగం డిప్రెషన్. కోలుకున్న సమయానికి ఇంకా మిగిలి ఉన్న లక్షణాలు ఆ ప్రమాదాన్ని పెంచేవాటిలో ఉన్నాయని 2006లో ఫలితాలు రాసినవాళ్లు చెప్పారు. మా ఇళ్లలో అనుకునే భాషలో చెప్పాలంటే, ఆర్పేశామనుకున్న పొయ్యిలో నిప్పు మిగిలే ఉంది. తర్వాతి ఎపిసోడ్‌ను ఆపాలన్న తపన మీకూ ఉంది, మాకూ ఉంది. దాని ఆనవాళ్లు ఈ మధ్యకాలంలోనే ఉంటే అక్కడ వెతక్కుండా ఎలా?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. ఎపిసోడ్ తగ్గాక మాలో కనిపించే ఇబ్బందులన్నీ జబ్బు మిగులే కావు. అవి ఏమిటో తేల్చగలిగింది మీరు మాత్రమే.

పొద్దున తల బరువుగా, ఆలోచన మందంగా ఉందనుకోండి. అది డిప్రెషన్ అవశేషం కావచ్చు. రాత్రి ఆలస్యంగా వేసుకున్న క్వెటియాపిన్ మాత్ర మత్తు కావచ్చు. మూడ్ నిలకడ కోసం లిథియం వాడేవాళ్లలో థైరాయిడ్ మందగించి ఉండవచ్చు. అలా మందగిస్తే నీరసం, మతిమరుపు, బరువు పెరగడం అన్నీ డిప్రెషన్ లాగే ఉంటాయి. నోటి బిగుతుకో చేతుల బిగుతుకో ఎప్పుడో రాసిన ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర, బిగుతు పోయి ఎన్నాళ్లయినా చీటీలో అలాగే కొనసాగుతూ ఉండవచ్చు. అది జ్ఞాపకశక్తిని దెబ్బతీయగలదు. నిద్ర కోసమని మొదలైన క్లోనాజెపామ్ కూడా అంతే. కాళ్లు ఒకచోట నిలవక, కూర్చోలేక లేచి తిరుగుతుంటే, అది మేనియా మొదలవడం కావచ్చు, మేనియాకు వాడే యాంటీసైకోటిక్ మందు వల్ల వచ్చే అకథిజియా, అంటే కుదురుగా ఉండనివ్వని దుష్ప్రభావం, కావచ్చు. మొదటిదనుకుని అదే మందు డోసు పెంచితే రెండోది ఇంకా పెరుగుతుంది. ఇవేవీ లేకుండా, ఎపిసోడ్‌లో పోగొట్టుకున్న ఉద్యోగం, డబ్బు, స్నేహాలు తలుచుకుని మనిషి కుంగిపోయి ఉండవచ్చు. ఆ దుఃఖానికి డోసు లేదు, వినే మనిషి కావాలి.

మేం ఇంటి దగ్గర కూర్చుని ఇవి విడదీయలేం. అన్నీ ఒకేలా అనిపిస్తాయి. విడదీయలేక మాలో కొందరు మందే కారణమనుకుని సొంతంగా మానేస్తారు. లిథియం హఠాత్తుగా ఆపితే మేనియా తిరగబడే ప్రమాదం ఎంతో మీకు తెలుసు. కాబట్టి "చేతులు వణుకుతున్నాయి, తల మందంగా ఉంది" అని మేం చెప్పినప్పుడు "అలవాటవుతుంది" అని పంపేయకండి. రక్తంలో లిథియం స్థాయి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఎప్పుడు చేయించామో చూడండి. చీటీలో ఉన్న ప్రతి మాత్ర ఇంకా ఎందుకుందో ఒక్కసారి మాతో కలిసి పైనుంచి కిందికి చదవండి. ఏదైనా తగ్గించవచ్చేమో, వేళ మార్చవచ్చేమో ఆలోచించండి. ఏదీ మార్చడానికి వీల్లేదంటే, ఎందుకు వీల్లేదో చెప్పండి. కారణం తెలిస్తే మాత్ర మింగడం తేలికవుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మాలో మిగిలిన ప్రతిదీ లక్షణం కానట్టే, మాలో కనిపించే ప్రతి కదలికా జబ్బు కాదు. చాలా నెలల తర్వాత ఒకరోజు మనసు విప్పి నవ్వితే ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కాస్త గట్టిగా మాట్లాడితే "మాత్ర వేసుకున్నావా?" అని వస్తుంది. న్యాయంగా వచ్చిన కోపానికి కూడా మాత్రతోనే జవాబు. కొత్త పని ఏదైనా మొదలుపెడదామంటే నాకే అనుమానం వస్తుంది, ఇది నేనా, హైపోమేనియానా అని. అలా అనుమానించీ అనుమానించీ కొందరు సంతోషపడటమే మానుకుంటారు. వాళ్లు నిలకడగా ఉన్నట్టు మీ ఫైలులో పడుతుంది. దయచేసి ఆ నిలకడను కూడా ప్రశ్నించండి. మమ్మల్నీ మా ఇంట్లోవాళ్లనీ ఎదురుగా కూర్చోబెట్టి, మా విషయంలో నిజంగా భయపడాల్సిన గుర్తులేమిటో విడమరిచి చెప్పండి: నిద్ర తగ్గినా అలసట లేకపోవడమా, ఖర్చులా, మాటల వేగమా. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. అవి కాగితం మీద ఉంటే మిగతా నవ్వులన్నీ మాకు తిరిగొస్తాయి.

మేమెందుకు చెప్పమో కూడా చెప్పాలి. చెబితే ఇంకో మాత్ర కలుస్తుందని భయం. మళ్లీ ఆస్పత్రి అంటారేమోనని భయం. ఉద్యోగానికి పనికిరామని రాస్తారేమోనని భయం. ఆస్పత్రి నుంచి క్షేమంగా వచ్చినందుకే ఇంట్లోవాళ్లు సంబరపడుతుంటే, ఇంకా ఏదో బాగాలేదనడం కృతఘ్నతలా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లకు బాగుండటం అంటే ఎలా ఉండేదో కూడా మసకబారిపోతుంది. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారని మాకు కనిపిస్తూనే ఉంటుంది. మీరు ఎంత అలసిపోయి ఉన్నారో కూడా కనిపిస్తుంది. అందుకే మా అంతట మేం నోరు తెరుస్తామని చూడకండి. మీరే అడగండి. "పోయిన నెలలో ఏ పని చేయలేకపోయారు?" అని అడిగితే, "ఎలా ఉన్నారు?" అన్నదానికి ఎప్పుడూ రాని జవాబులు వస్తాయి. చావు ఆలోచనల గురించి కూడా, మేం మామూలుగా కనిపించే రోజునే అడగండి. గీత కింద ఉన్న డిప్రెషన్‌లో కూడా అవి వచ్చి పోతుంటాయి.

మాత్రలకు బయట మీ చేతిలో ఉన్నవాటిని కూడా మా దాకా రానివ్వండి. బార్సిలోనాలో కొలోమ్, వీయెటా బృందం బైపోలార్ పేషెంట్లకు గుంపుగా 21 సెషన్లలో జబ్బు గురించి నేర్పి, అలా నేర్చుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2003లో చూపించింది. స్పెయిన్‌లో 239 మందితో చేసిన ఫంక్షనల్ రెమిడియేషన్ ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. ఫంక్షనల్ రెమిడియేషన్ అంటే జ్ఞాపకం, ధ్యాస, పనుల ప్రణాళిక లాంటివాటిని రోజువారీ జీవితంలో ఎలా నెట్టుకురావాలో సాధన చేయించడం. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లకన్నా వీళ్లు రోజువారీ పనుల్లో మెరుగుపడ్డారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు పెద్దగా పెరగలేదు, అయినా బతుకు మెరుగైంది. నాకు ఆ ఫలితం చాలా ఆశగా అనిపించింది. ఇలాంటివి అందించే సిబ్బంది అన్నిచోట్లా ఉండరు. కానీ నోట్‌బుక్ పెట్టుకోవడం, ఒకసారికి ఒకే పని, రోజూ ఒకే వేళకు లేవడం లాంటి నాలుగు మాటలు మీ నోటి నుంచి వస్తే, వాటిని మేం చికిత్సగా తీసుకుంటాం. మా వంతుగా నిద్రవేళలు, మూడ్, ఆ రోజు ఆగిపోయిన పని రాసి తెస్తాం. తెచ్చినప్పుడు ఒక నిమిషం చూడండి.

చివరిగా ఒక మాట, ఉద్యోగాల గురించి. ఎపిసోడ్ తగ్గగానే పనికి ఫిట్ అని సర్టిఫికెట్ రాసిస్తారు. మర్నాటి నుంచి మేం జబ్బుకు ముందున్నంత వేగంగా పనిచేస్తామని అందరూ అనుకుంటారు. చేయలేకపోతే అది మా గుణం కింద జమ అవుతుంది. ఫిట్ అన్న ఆ కాగితం మీదే ఇంకో మూడు వాక్యాలు రాయండి: మొదటి కొన్ని నెలలు పని గంటలు తక్కువగా మొదలుపెట్టి క్రమంగా పెంచాలని, రాత్రి షిఫ్టులు వద్దని, చెప్పే పనులు రాతలో ఇవ్వమని. అదే మాట మేం అడిగితే సాకు అంటారు. మీ సంతకం కింద ఉంటే వింటారు.

ఇట్లు,
బైపోలార్ డిజార్డర్‌తో జీవిస్తున్న మీ పేషెంట్లలో ఒకరు